అన్నవాహికలో వేసే స్టెంట్ దానంతట అదే ఎలా విచ్చుకుంటుంది?

కిటుకంతా లోహంలోనే ఉంది. నికెల్, టైటానియం కలిసిన నిటినాల్‌ను గట్టిగా నొక్కినా తన అసలు ఆకారాన్ని మరచిపోదు. ఆ తీగలతో అల్లిన గొట్టమే స్టెంట్. దాన్ని సన్నని తొడుగులో ఇమిడ్చి, ఎండోస్కోపీ సాయంతో క్యాన్సర్ గడ్డ అడ్డుపడిన చోటికి చేరుస్తారు. తొడుగును వెనక్కి లాగగానే, ఒంటి వెచ్చదనంలో అది విచ్చుకోవడం మొదలుపెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో దాదాపు 18 నుంచి 23 మిల్లీమీటర్ల దారి ఏర్పడుతుంది. గుక్కెడు నీళ్లు దిగడమే కష్టమైన మనిషి మళ్లీ మెత్తగా కలిపిన పప్పన్నం తినగలగడం చిన్న విషయం కాదు.

అయితే ఇది గడ్డను కరిగించదు. మాంసం ముక్కలు, పీచు కూరలు అందులో ఇరుక్కోవచ్చు. బాగా నమిలి, మధ్యమధ్యలో నీళ్లు తాగాలి. స్టెంట్ కింది కొస జీర్ణాశయం దాకా ఉంటే పులిసిన నీళ్లు పైకి తన్నుతాయి కాబట్టి తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకోవాలి.