అమ్మేవాళ్ళకే తెలీకపోతే ఎవర్ని అడగాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది లాసన్స్ బే కాలనీ, బాల్కనీలో నించుంటే సముద్రం కనిపిస్తుంది. ఏప్రిల్లో ద్వారకానగర్‌లో ఒక పెద్ద షోరూంకెళ్ళి ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ కొన్నాం. కరెంటు పోతే మా ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని అడిగితే అక్కడి కుర్రాడు "నడుస్తుంది సార్, అందుకే కదా ఆ పేరు పెట్టారు" అన్నాడు. ఉప్పుగాలికి పాడవదా అంటే "మొత్తం కాపర్ సార్, తుప్పు ప్రశ్నే లేదు" అన్నాడు. మొన్న రాత్రి కరెంటు పోయింది, దాంతోపాటు ఏసీ కూడా ఆగిపోయింది. షోరూంకెళ్ళి అడిగితే ఆ కుర్రాడు మానేశాడు, మేం అలా చెప్పం అంటున్నారు. ఆ అబ్బాయి వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌లు మాత్రం నా ఫోన్‌లో ఉన్నాయి. ఇప్పుడేం చెయ్యాలి?
– ఒక రిటైర్డ్ ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ముందు ఆ మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి సార్, స్క్రీన్‌షాట్ తీసి మీ అబ్బాయికో అమ్మాయికో కూడా పంపించి ఉంచండి, ఎందుకంటే నోటిమాటని నిరూపించడం కష్టం, రాతలో ఉంటే దానికి బలం వేరు.

ఏసీ సంగతికొస్తే, ఇన్వర్టర్ ఏసీ అంటే కంప్రెసర్ స్పీడు అవసరాన్ని బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉండే ఏసీ, అంతే. పాత రకం ఏసీలో కంప్రెసర్ ఫుల్ స్పీడులో తిరగడం, ఆగడం, మళ్ళీ తిరగడం, ఇందులో గది చల్లబడ్డాక మెల్లగా తిరుగుతూ ఉంటుంది, అందుకే కరెంటు తక్కువ కాలుతుంది. ఇంట్లో బ్యాటరీ పెట్టుకునే ఇన్వర్టర్‌కీ దీనికీ పేరొక్కటే కలిసింది. లెక్క కూడా చూడండి, మామూలుగా ఇళ్ళల్లో ఉండేది 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ ఒకటి, 12ని 150తో గుణిస్తే మొత్తం కలిపి 1,800 వాట్-అవర్లు, మీ ఏసీ ఫుల్ స్పీడులో ఉన్నప్పుడు ఇంచుమించు 1,500 వాట్లు లాగుతుంది, మామూలుగా ఇళ్ళల్లో ఉండే 900 వీఏ ఇన్వర్టర్, అంటే 900 వాట్లకి మించి ఇవ్వలేనిది, దాన్ని మోయనే మొయ్యదు. ఆ కుర్రాడికి ఇది ఎవరూ చెప్పి ఉండరు, పేరు చూసి తనే ఊహించుకుని చెప్పేశాడు. అయినా డబ్బులు కట్టింది మీరు కాబట్టి నష్టం మీది, అదే నాకు బాధ.

మీ విషయంలో నన్ను ఎక్కువ కంగారు పెడుతున్నది రెండో జవాబు. కాపర్ కాబట్టి తుప్పు పట్టదు అనే మాట మన ఊళ్ళో రోజూ వినిపిస్తూ ఉంటుంది. బయట యూనిట్ కాయిల్‌లో గొట్టాలు కాపరే, కానీ వాటి చుట్టూ పల్చటి రేకులు ఉంటాయి చూడండి, అవి అల్యూమినియం. రెండు వేరు వేరు లోహాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నప్పుడు ఉప్పు తేమ తగిలితే తుప్పు అల్యూమినియాన్ని ముందు తినేస్తుంది, తెల్లటి పొడిలాగా రాలిపోతుంది. బీచ్ రోడ్డు వైపు అపార్టుమెంట్లలో పాత ఏసీల వెనక్కెళ్ళి ఒకసారి చూడండి, వేలితో తాకితే రేకు విరిగిపోతుంది. అందుకని సముద్రం దగ్గర ఉన్నవాళ్ళు కాపరా అని అడిగి ఊరుకోకుండా, బయట యూనిట్ రేకుల మీద ఉప్పుగాలిని ఆపే కోటింగ్ ఉందా, లోపలి యూనిట్‌కి మాత్రమే వేశారా అని కూడా అడగాలి. మీరు ఇప్పుడు మోడల్ నంబరు చూసి కంపెనీ టోల్ ఫ్రీకి ఫోన్ చేసి ఈ రెండు ముక్కలూ కనుక్కోండి, వారంటీ కార్డులో తుప్పు గురించి ఏం రాశారో కూడా చదవండి, కంప్రెసర్‌కి పదేళ్ళు అని పెద్ద అక్షరాల్లో వేసి కాయిల్‌కీ బోర్డుకీ వేరే గడువు చిన్న అక్షరాల్లో పెడుతుంటారు. నెలకోసారి స్విచ్ ఆపేసి బయట రేకుల మీద మంచినీళ్ళు మెల్లగా పోయించండి, ఉప్పు కడుక్కుపోతుంది. గట్టి ప్రెషర్‌తో కొట్టిస్తే మాత్రం రేకులు వంగిపోతాయి, జాగ్రత్త.

ఇంక షోరూం. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో వచ్చింది, 2020 జులై 20 నుంచి అమల్లో ఉంది, వస్తువు వల్ల లేని ఉపయోగం ఉందని చెప్పి అమ్మితే ఆ చట్టం ప్రకారం అది అన్యాయమైన వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. ముందు బిల్లు నంబరు వేసి షోరూం మేనేజర్‌కి లెటర్ ఇవ్వండి, స్క్రీన్‌షాట్ జత చెయ్యండి. కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, మీరు ఉండే ఊళ్ళోనే కేసు వేసుకోవచ్చు, కొన్నది 5 లక్షల లోపు కాబట్టి ఫీజు కూడా లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. ఒకమాట ఉన్నదున్నట్టు చెప్తాను, మెసేజ్‌లలో రేటు తప్ప ఈ ఇన్వర్టర్ మాట లేకపోతే కేసు బలహీనం, అప్పుడు కమిషన్ దాకా వెళ్ళొద్దంటాను. ఏసీ మాత్రం పనికిరానిదేం కాదు, కరెంటు బిల్లులో తేడా మీకే తెలుస్తుంది.

మళ్ళీ ఏదైనా కొనేటప్పుడు నేను చేసే పని చెప్తాను. అమ్మేవాడు "అవును సార్" అని తప్పించుకోగలిగే ప్రశ్న వెయ్యను, "ఎక్కడ రాసుందో చూపించు నాన్నా" అంటాను. మా చెల్లెలికి ఏసీ కొనడానికి గాజువాక వెళ్ళినప్పుడు, కరెంటు ఆదాకి ఇచ్చే ఈ ఐదు స్టార్లు ఏ సంవత్సరం లెక్క అని అడిగాను. "స్టార్ అంటే స్టారే మేడమ్, ఐదంటే ఐదే" అన్నాడు ఆ అబ్బాయి. నిజానికి స్టార్ల లెక్క మారుతూ ఉంటుంది, 2022 జులైలో మారినప్పుడు అంతకుముందు ఐదు స్టార్లున్నవి నాలుగుకి దిగాయి. లేబుల్ మీద ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అని తేదీలు వేస్తారు, అవి చూపించమన్నాను. పాపం వంగుని, అక్షరాల కింద వేలు పెట్టుకుని మెల్లగా చదివాడు, చదివి "దీని గడువు అయిపోయిందండీ" అని చిన్నగా అని, లోపలికెళ్ళి వేరేది తెచ్చాడు. అలాంటి పిల్లలే ఎక్కువ, అడిగితే వెతుకుతారు. ఇంకోటి, వాళ్ళ చొక్కా మీద ఏం రాసుందో చూడండి, చాలాసార్లు వాళ్ళు షాపు మనుషులు కాదు, ఒక బ్రాండ్ పెట్టిన ప్రమోటర్లు, వాళ్ళ బ్రాండ్ తప్ప పక్కది చెప్పరు, ఆ సంగతి తెలుసుకుని వినాలి. ఏ మాట నమ్మి డబ్బులు కడుతున్నామో ఆ మాట బిల్లు మీద రాసిమ్మని అడగండి, రాయడానికి వెనకాడితే మీకు జవాబు అక్కడే దొరికినట్టు.

ప్రశ్న: అక్కా, నేను డిగ్రీ అయ్యాక గాజువాకలో ఎలక్ట్రానిక్స్ షాపులో చేరాను, ఆరు నెలలైంది. ట్రైనింగ్ ఒక్కరోజే ఇచ్చారు. కస్టమర్లు యూట్యూబ్ చూసొచ్చి నాకు తెలీనివి అడుగుతారు. తెలీదు అంటే కస్టమర్ వెళ్ళిపోతాడు అని మా ఫ్లోర్ మేనేజర్ తిడతాడు. తప్పు చెప్పి అమ్మాలంటే మనసొప్పట్లేదు.
– ఒక సేల్స్ బాయ్, గాజువాక

జవాబు: తమ్ముడూ, మనసొప్పట్లేదు అన్నావు చూడు, ఆ మాట కోసమే నీ ఉత్తరం వెయ్యాలని ముందే అనుకున్నాను, పై ఉత్తరం వచ్చాక రెండూ పక్కపక్కనే వేశాం. "తెలీదు" అని ఆగిపోతే వెళ్ళిపోతాడేమో గానీ "రెండు నిమిషాలుండండి, కనుక్కుని చెప్తాను" అంటే కూర్చుంటాడు, నేనైతే కూర్చుంటాను. మీ షాపుకి ఇన్‌స్టలేషన్ చేసే మెకానిక్‌లతో టీ తాగేటప్పుడు మాట్లాడు, ఏది ఎందుకు పాడవుతుందో వాళ్ళకి తెలిసినంత ఎవరికీ తెలీదు. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న రాసుకుని రాత్రికి దానిదే మాన్యువల్ చదువు, రోజుకొకటి చాలు. ఒకటిన్నర టన్ను అంటే చల్లబరిచే శక్తి (లాగే కరెంటు కాదు) లెక్క ప్రకారం 5,275 వాట్ల దగ్గర, కానీ ఒకటిన్నర అని అమ్మే వాటిలో 4,800 దగ్గరున్నవి కూడా ఉంటాయి, రేపు షట్టర్ తియ్యగానే మీ డిస్‌ప్లేలో ఉన్నవాటి లేబుళ్ళు చూసి ఏది ఎంతో ఆ పుస్తకంలో మొదటి పేజీలో రాసుకో.