నొప్పి తగ్గిపోయిన పంటికి ఎక్స్‌రే అవసరమా?

పది రోజులు వేధించిన పంటినొప్పి తనంతట తానే తగ్గిపోయిందనీ, ఇంకా ఎక్స్‌రే తీయించుకోవాలా అనీ అడిగారు. తప్పకుండా తీయించుకోవాలి. నొప్పి ఆగిందన్న ధీమాతో నేను ఎనిమిది నెలలు ఊరుకున్నాను.

నాకు కుడివైపు పై దవడ పన్ను పుచ్చింది. మొదట్లో చల్లని నీళ్లు తగిలినప్పుడు మాత్రమే జివ్వుమనేది. కొన్నాళ్లకు నీళ్లు మింగేశాక కూడా ఆ సలుపు వదిలేది కాదు. చివరికి రాత్రి తల వాల్చగానే మొదలై చెవిలోకీ కణతలోకీ పాకేది, లేచి కూర్చుంటే కాస్త నెమ్మదించేది. నొప్పి పై పంటిదో కింది పంటిదో కూడా చెప్పలేకపోయాను. ఆ దశలో నేను వెళ్లిన చోట ఎక్స్‌రే తీయకుండానే యాంటీబయాటిక్ రాసి పంపారు. ఆ విషయంలో నాకు ఇప్పటికీ కోపమే. వాచిన నరానికి ఆ మందు పని చేయదు. నరం చచ్చిపోయాక పంటి లోపలికి రక్తమే వెళ్లదు కనుక మందు అక్కడికి చేరనే చేరదు.

ఒక తెల్లవారుజామున నొప్పి ఒక్కసారిగా ఆగిపోయింది. చల్లని నీళ్లు పుక్కిలించి చూశాను, ఏమీ అనిపించలేదు. పన్ను బాగుపడిందని నమ్మాను. నిజానికి లోపలి నరం చచ్చిపోయింది, నొప్పి తెలపడానికి అక్కడ ఏమీ మిగలలేదు.

ఎనిమిది నెలల తరువాత చిగురు మీద చిన్న పొక్కు లేచి చీము కారడంతో మరో వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఎక్స్‌రే తీసి తెరమీద చూపించారు. వేరు కొన చుట్టూ శనగగింజంత నల్లని నీడ ఉంది. ఎముక కరిగిన చోటు అలా నల్లగా కనిపిస్తుందనీ, ఖనిజం చాలా మేరకు పోతే గాని ఆ నీడ ఏర్పడదనీ వివరించారు. అందుకే ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా, చల్లదనం తగిలించి నరం బతికుందో లేదో చూసే పరీక్ష కూడా చేయించుకోవాలని నా అభిప్రాయం.

కిరణాల గురించి భయపడేవారు చాలామంది ఉన్నారు. 1896లో జర్మనీ దంతవైద్యుడు ఓటో వాల్కాఫ్ తన పళ్లకు ఎక్స్‌రే తీసుకోవడానికి 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది. ఇప్పుడు సెకనులో చిన్న భాగం చాలు. ఒక పంటికి తీసే డిజిటల్ ఎక్స్‌రేలో శరీరానికి చేరేది సుమారు 5 మైక్రోసీవర్టులు (కిరణాల మోతాదుకు కొలమానం). ప్రకృతి నుంచి ఒక రోజులో మనకు చేరేది కూడా దాదాపు అంతే.

రూట్ కెనాల్ చేసి, పైన క్యాప్ వేశారు. పంటి వేర్లలో నరం ఉండే సన్నని దారుల్లో, అంటే కాలువల్లో, నాలుగోది వెంట్రుకలా సన్నగా ఉండి, దాన్ని వెతకడానికే ఎక్కువ సమయం పట్టింది. ఏడాది తరువాత తీసిన ఎక్స్‌రేలో ఆ నీడ ఉన్నచోట ఎముక తిరిగి పూడుకుంది.

మీరు వెళ్లినప్పుడు పంటి పై భాగం మాత్రమే కనిపించే ఎక్స్‌రేతో సరిపెట్టుకోకండి. వేరు కొన, దాని అవతల రెండు మూడు మిల్లీమీటర్ల ఎముక కూడా అందులో పడ్డాయో లేదో అక్కడే చూపించమని అడగండి.