సాకురా కోసం యోషినో దాకా వెళ్లాలా, క్యోటో చాలదా?

ఏప్రిల్‌లో అమ్మానాన్నలు వస్తున్నారు, క్యోటోలో సాకురా, అంటే చెర్రీ పూలు చూపిస్తే సరిపోదా, నారా కొండల్లో ఉన్న యోషినో దాకా లాక్కెళ్లాలా అని అడిగారు. లాక్కెళ్లండి. కావాలంటే క్యోటో మానేయండి.

నేను ఒసాకాలో ఉంటాను. మార్చి వచ్చిందంటే మా ఆఫీసులో తెలుగువాళ్లందరికీ ఒకటే టెన్షన్, ఫుల్ బ్లూమ్ ఏ రోజని. పొద్దున లేస్తే యాప్ చూడటం, వాన పడితే మొహాలు వేలాడేసుకోవడం. పార్కుల్లో కనిపించే సోమెయి యోషినో అనే రకం చెట్లు అంటుకట్టి పెంచినవి కాబట్టి అన్నీ ఒక్కసారే పూసి ఒక్కసారే రాలిపోతాయి. ఆ టెన్షన్ యోషినోలో అక్కర్లేదు. అక్కడ ఉన్నవి ఎక్కువగా కొండజాతి చెట్లు, ముప్పై వేల దాకా ఉంటాయంటారు. తెల్లటి పువ్వుతోపాటే ఎర్రటి లేత చిగురు కూడా వస్తుంది, ఏ రెండు చెట్లూ ఒక్కలా ఉండవు. కొండ షిమో, నాకా, కామి, ఓకు అని కింద నుంచి పైకి నాలుగు భాగాలు. కింద రాలుతుంటే పైన విచ్చుకుంటాయి.

వానంటారా, 1594లో జపాన్‌ను ఏలిన హిదెయోషి అంతటివాడు ఐదు వేల మందిని వెంటేసుకుని వస్తే అతనికీ తప్పలేదు. వాన ఆగకపోతే కొండ తగలబెడతానని పూజారులను బెదిరించాడని కథ. మా ఆఫీసువాళ్లు ఆ కోవే.

నేను మాత్రం ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తయ్యగారిని తీసుకెళ్లాను. అలిపిరి మెట్లు ఎక్కిన కాళ్లు, రోప్‌వే వద్దన్నారు. అంగళ్ల మధ్య నుంచి నడుచుకుంటూ కింపుసెంజి గుడికి చేరాం. అదృష్టం కొద్దీ అప్పుడు దర్శనం తెరిచి ఉంది, ఏడాది పొడుగునా ఉండదు. లోపల స్తంభాలు చూడాలి, చెక్కి నున్నగా చేసినవి కావు, చెట్టును చెట్టుగానే నిలబెట్టేశారు. ఎదురుగా ఆ గుడి దేవుడు జావో గొంగెన్ విగ్రహాలు మూడు, మధ్యది ఏడు మీటర్ల పైనే ఉంటుంది. ఒళ్లంతా నీలం, నిక్కబొడుచుకున్న జుట్టు, కోరలు, పైకెత్తిన కాలు. అత్తయ్యగారు చెప్పుల సంచి పక్కన పెట్టి, కళ్లు మూసుకుని నృసింహ మంత్రం మొదలుపెట్టేశారు. నేను గైడులా ఏదో చెప్పబోతే చేత్తోనే ఆపారు.

బయటికొచ్చాక చెప్పాను: ఎన్ నో గ్యోజా అనే తపస్వికి ఈ స్వామి ఈ కొండల్లోనే కనిపించాడట, ఆ రూపాన్ని సాకురా చెక్క మీద చెక్కాడట, అందుకే భక్తులు తరతరాలుగా ఈ చెట్లే తెచ్చి నాటుతున్నారు అని. "మరి పూలు చూడ్డానికి కొండెక్కుతున్నాం అంటారేంటి బాబూ, స్వామి కోసం ఎక్కాం కదా" అన్నారావిడ. కాసేపటికి మావాడు సెల్ఫీ కోసం కొమ్మ కిందికి వంచాడు. "ఒరేయ్, స్వామి చెట్టురా అది, వదులు!" ఆ కేకకు పక్కనున్న జపనీయులు కూడా ఫోన్లు దించారు. కొమ్మలు వంచి ఫొటోలు దిగే మనవాళ్లందరికీ ఇలాంటి అత్తగారొకరు తోడుండాలి.

తిండి విషయం చెప్పాలి. శాకాహారులైతే పులిహోర కట్టుకెళ్లండి. అక్కడ పేరుపడ్డ కాకినోహా జుషి అంటే పెర్సిమన్ పండు చెట్టు ఆకులో చుట్టిన అన్నం, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, లోపల చేప. రసం, పులుసు ఏది తాగినా చేప వాసనే. కుజు మాత్రం భయం లేకుండా తినొచ్చు. ఒక దుంప పిండి అది. పాలలా తెల్లగా కలుపుతారు, వేడినీళ్లలో పెట్టగానే అద్దంలా తేలిపోతుంది, దాన్ని పట్టీల్లా కోసి నల్లబెల్లం పాకం పోసిస్తారు. అత్తయ్యగారు రెండోది అడిగారు.

పెద్దవాళ్లను టోక్యో మాల్స్‌లో, థీమ్ పార్కు క్యూల్లో నిలబెట్టేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. మన అమ్మానాన్నలకు కొండా, గుడీ, దారి పొడుగునా అంగళ్లూ ఉంటే చాలు, భాష రాకపోయినా అంతా అర్థమైపోతుంది. ఒసాకా అబెనోబాషి నుంచి కింతెత్సు స్పెషల్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గంటంబావు. సీజన్లో సీట్లు త్వరగా అయిపోతాయి, ముందే బుక్ చేసుకోండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు.