గుడీ టీవీ కాకుండా చెన్నైలో పెద్దవాళ్ళకు ఏం బాగుంటుంది? మా అనుభవం

రాజమండ్రి నుంచి అమ్మానాన్న మీ దగ్గరకు వచ్చేస్తున్నారు, ఇద్దరూ అరవై దాటినా హుషారుగా తిరుగుతారు, గుడీ టీవీ కాకుండా చెన్నైలో వాళ్ళకు ఏం బాగుంటుంది అని అడిగారు. నేనూ ఆరేళ్ళ కిందట నెల్లూరు నుంచి ఇలాగే తిరువాన్మియూరులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. నాకు 67, మావారికి 72. మాకింకా ఇది మద్రాసే.

మేం రాగానే మా అబ్బాయి, పాపం, ప్రతి ఆదివారం కారెక్కించి ఊరంతా చూపించాడు. సోమవారం తెల్లారితే మళ్ళీ ఆ నాలుగు గోడలే. అందుకని మీరు తీసుకెళ్ళే చోట్ల కంటే, వాళ్ళంతట వాళ్ళు వెళ్ళి రాగల చోట్లు ముందు వెతకండి. మాకు బీచ్, బస్సు దొరికాయి.

బీసెంట్ నగర్ ఎలియట్స్ బీచ్‌కి ఐదున్నరకల్లా చేరుకోమనండి. సముద్రం మనకు తూర్పున కదా, సూర్యుడు నీళ్ళలోంచే లేస్తాడు. ఇసుకలో కాకుండా పక్కనున్న గట్టి దారి మీదే నడవాలి, మోకాళ్ళకు మంచిది. నడక అయ్యాక స్టీలు డబ్బాల్లో గరిక రసం, అరటి దూట రసం అమ్మేవాళ్ళుంటారు. మొదటి రోజు మావారు ఒక గుక్క తాగి, "గడ్డి తినిపించడానికా నన్నీ ఊరు తెచ్చారు" అన్నారు. ఇప్పుడు ఒక్క రోజు వెళ్ళకపోతే ఆ రసం అమ్మే అమ్మాయి మర్నాడు "ఏం తాతా, నిన్న రాలేదు?" అని అరవంలో అడుగుతుంది. ఆ పలకరింపు కోసమే వెళ్తారని నా అనుమానం. నీళ్ళలోకి మాత్రం దిగనీయకండి. అక్కడున్న తెల్ల కట్టడం 1930లో ఒకరిని కాపాడబోయి మునిగిపోయిన డెన్మార్క్ నావికుడి జ్ఞాపకంగా కట్టిందే. ఇక్కడి అలల లాగుడు అలాంటిది.

బస్సు సంగతి. ఆడవాళ్ళకు 2021 నుంచి సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్ లేదు. అరవై దాటిన మగవాళ్ళకు నెలకు పది ఉచిత టోకెన్లు ఇస్తారు. దానికి చెన్నై అడ్రసు రుజువు అడుగుతారు కాబట్టి రాగానే ఆధార్‌లో అడ్రసు మార్పించండి, మేం ఏడాది ఆలస్యం చేసి నష్టపోయాం. నేను అరవ అక్షరాలు నేర్చుకున్నది బస్సు బోర్డులు చదివే.

అలా ఎక్కువగా వెళ్ళేది మైలాపూరు. లజ్‌లో ఉన్న నాగేశ్వరరావు పార్కు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదే ఉంది, అమృతాంజనం, ఆంధ్రపత్రిక పెట్టిన ఆయన. చెట్ల నీడలో నడవడానికి బాగుంటుంది. అక్కడికి దగ్గర్లోనే, రాయపేట హైరోడ్డులో, పొట్టి శ్రీరాములుగారు 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూసిన ఇంటి చోట ఆయన స్మారక భవనం ఉంది. తెలుగు సభలు జరుగుతుంటాయి. మా జిల్లాకే ఆయన పేరు. మొదటిసారి వెళ్ళినప్పుడు మావారు చెప్పులు బయటే విడిచి లోపలికి వచ్చారు, ఎవరూ విడవమనకుండానే.

డిసెంబరు నడిమి నుంచి జనవరి మొదటి వారాల దాకా సంగీత సభల్లో కర్ణాటక సంగీత కచేరీలు. పొద్దున, మధ్యాహ్నం కచేరీలకు చాలా చోట్ల టికెట్ ఉండదు. పాడేవి చాలావరకు తెలుగు కీర్తనలే, కానీ వినేవాళ్ళలో సగం మందికి అర్థం తెలియదు! ఒకసారి నా పక్కన కూర్చున్న అరవ మామి నోట్‌బుక్కులో సాహిత్యం రాసుకుంటూ "చనువు అంటే ఏంటి?" అని అడిగింది. నా అరవంతో ఎలా చెప్పాలో తెలియక ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "ఇదే" అన్నాను. ఆవిడ నవ్వి, కచేరీ అయ్యాక క్యాంటీన్‌కి తీసుకెళ్ళి కాఫీ ఇప్పించింది. ఇప్పుడు నాకు ఆవిడ అరవం నేర్పుతుంది, నేను ఆవిడకు తెలుగు.

ఒకటి మాత్రం నా మాట విని మానుకోండి. జనవరి నుంచి వారాంతాల్లో రాత్రిపూట నీలాంకరై నుంచి బీసెంట్ నగర్ దాకా తాబేళ్ళ గుడ్లు వెతికి కాపాడడానికి విద్యార్థులు నడిచే నడక ఉంది, దాదాపు ఏడు కిలోమీటర్లు, అదీ ఇసుకలో. మేం పౌరుషానికి పోయి వెళ్ళాం. మూడో కిలోమీటరుకే నా మడమలు పోయాయి, వారం రోజులు మెట్లు దిగలేదు. దాని బదులు మార్చి, ఏప్రిల్ సాయంత్రాల్లో గుడ్లలోంచి వచ్చిన పిల్లల్ని సముద్రంలోకి వదులుతారు, అది చూపించండి. బొటనవేలంత పిల్ల, అల వచ్చి వెనక్కి తోసేసినా మళ్ళీ నీళ్ళవైపే పాకుతుంది.

ఈసీఆర్‌లో (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) దక్షిణాది పాత ఇళ్ళను చూపించే మ్యూజియం దక్షిణచిత్రకు ఒక పూట పెట్టుకోండి, మన విశాఖ తీరపు చుట్టిల్లు అక్కడ ఉంది. మంగళవారం సెలవు. మెరీనాకు ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, జనంలో నలిగిపోతారు. మే నెలలో తొమ్మిది దాటాక, అక్టోబరు, నవంబరు వానల్లో ఎక్కడికీ పంపకండి. అలాంటప్పుడు మావారికి ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీ తెలుగు పుస్తకాలే దిక్కు.

మీ ఇల్లు ఏ వైపో చెప్పలేదు. అన్నానగర్ పక్కనైతే రోజూ బీచ్ కుదరదు, అక్కడి టవర్ పార్కుతో మొదలుపెట్టమనాలి. ఏరియా చెబితే ఇంకో నాలుగు చోట్లు రాస్తాను.