అరకు చలి కంటే గదిలో కుంపటితోనే ఎక్కువ భయం

ప్రశ్న: మాది రాజమండ్రి. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడాదిన్నర. సంక్రాంతి సెలవుల్లో అరకు, లంబసింగి వెళ్దామనుకుంటున్నాం. బాబుకు చలికాలంలో ఆయాసం వస్తుంటుంది, ఇన్‌హేలర్ వాడుతున్నాం. కారెక్కితే వాంతులు. అంత చలిలోకి పిల్లలెందుకని మా అత్తయ్యగారు వద్దంటున్నారు. వెళ్లొచ్చా?

జవాబు: వెళ్లండమ్మా. బయల్దేరేనాటికి బాబుకు జలుబు, దగ్గు ఉంటే మాత్రం వాయిదా వేసుకోండి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తే, ఆక్సిజన్ తగ్గిపోతుందన్న టెన్షన్ అక్కర్లేదు. అత్తయ్యగారు చలికి భయపడటంలో తప్పు లేదు, కానీ చలికి స్వెట్టరు, మంకీ క్యాప్, సాక్సులు ఉన్నాయి, మీరు వేసుకున్నదానికన్నా పిల్లలకు ఒక పొర ఎక్కువ వేస్తే సరిపోతుంది.

నాకు అసలు భయం పొగతో. రాత్రి క్యాంప్‌ఫైర్ దగ్గర అందరూ చుట్టూ కూర్చుంటారు, గాలి ఎటు తిరిగితే పొగ అటు వస్తుంది, ఆయాసం ఉన్న పిల్లాడికి అది చాలు. బాబును దూరంగా కూర్చోబెట్టండి. ఇక, చలిగా ఉందని బొగ్గుల కుంపటిని గదిలోకో టెంట్‌లోకో తెచ్చుకుని తలుపులేసుకుని పడుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రిసార్టువాళ్లు తెచ్చిచ్చినా వద్దనండి, ఇంకో రెండు దుప్పట్లు అడగండి.

రోజూ వాడే ఇన్‌హేలర్ ఒక్కపూట కూడా మానకండి. ఆయాసం వచ్చినప్పుడు వాడే ఇన్‌హేలర్, దానికి తగిలించే గొట్టం (స్పేసర్), మాస్కుతో సహా మీ చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో సూట్‌కేసులో కాదు. మంచు చూడాలని తెల్లవారుజామున నాలుగింటికే బాబును లేపి లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ ఎక్కించకండి, కాస్త ఎండ వచ్చాక తీసుకెళ్లండి. డొక్కలు ఎగరేస్తున్నా, మాట్లాడలేకపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇన్‌హేలర్ ఇస్తూనే 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి బయల్దేరండి.

వాంతుల సంగతికొస్తే, విశాఖ నుంచి అరకు దాకా రైల్లో వెళ్తే ఘాట్ మలుపుల బాధ చాలావరకు తప్పుతుంది, సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలకు అదో సరదా. కారులో అయితే ఫోన్ చేతికివ్వకండి, ముందున్న రోడ్డును చూడమనండి, బయల్దేరే ముందు ఒక ఇడ్లీ చాలు. మందు కావాలంటే బాబు బరువు చూసి మీ పిల్లల డాక్టరే రాయాలి. ప్రోమెథాజిన్ లాంటి మత్తు సిరప్ మాత్రం పాపకు అస్సలు ఇవ్వొద్దు, రెండేళ్లలోపు పిల్లలకు ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

అది ఏజెన్సీ ప్రాంతం, మలేరియా ఉంటుంది. సాయంత్రం నుంచి ఫుల్ హ్యాండ్స్ వేయండి, దోమతెర కట్టుకోండి. గడ్డి మీద ఆడుకుని వచ్చాక పిల్లల బట్టలు మార్చి ఒళ్లంతా చూడండి. ఇంటికి వచ్చాక రెండు మూడు వారాల్లో ఎప్పుడు జ్వరం వచ్చినా, చంకలోనో గజ్జల్లోనో కాలిన మచ్చలాంటి నల్లటి పొక్కు కనిపించినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరకు వెళ్లి, అరకు వెళ్లొచ్చామన్న మాట ముందు చెప్పండి. మలేరియాకు, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరానికి, రెండింటికీ రక్తపరీక్ష చేయిస్తారు.