ఏరోస్పేస్ అంటున్న మా మేనకోడలికి

ఏమే సాహితీ,

మొన్న మీ నాన్న ఫోన్ చేసి "నీ మేనకోడలికి రాకెట్ల పిచ్చి పట్టింది, కాస్త నువ్వైనా చెప్పు" అన్నాడు. ఆ రాత్రే నువ్వేమో "నేను ఏరోస్పేస్ ఇంజినీరింగే చదువుతా, నాన్నకి కాస్త చెప్పు అత్తా" అని మెసేజ్ పెట్టావు. అందుకే ఇద్దరికీ కలిపి ఒకటే ఉత్తరం. ఆదివారం హాస్టల్ నుంచి గుంటూరు వచ్చినప్పుడు మీ నాన్న ముందు కూర్చుని పైకి చదువు.

చంద్రయాన్-3 దిగిన రోజు, 2023 ఆగస్టు 23, నువ్వు టీవీ ముందు కూర్చుని ఏడ్చావని మీ అమ్మ చెప్పింది. మంచిదే, నేనూ ఏడ్చాను. కానీ ఆ సాయంత్రం మనం చూసింది ఫలితం. దాని వెనకాల జనం రోజూ కూర్చుని చేసేది వేరే పని. నీకు నచ్చాల్సింది ఆ రోజువారీ పని, అది నచ్చకపోతే ఎన్ని రాకెట్లు లేచినా నీకు ఒరిగేదేమీ లేదు.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తా. నేను ఇన్నేళ్లూ చేసింది స్ట్రెస్ అనాలిసిస్, అంటే విమానం భాగాలు వాటి మీద పడే లోడు తట్టుకుంటాయో లేదో లెక్కకట్టడం (ఈ పేరు మీద మీ నాన్న వేసే జోకులు నీకు తెలిసినవే). షాప్ ఫ్లోర్ నుంచి ఫోన్ వస్తుంది: రేకులో 4 మి.మీ. రివెట్ (రేకుల్ని కలిపి బిగించే మేకు) కోసం వేసిన రంధ్రం అంచుకు మరీ దగ్గరగా పడింది, ఏం చేద్దాం మేడమ్ అని. రంధ్రం మధ్య నుంచి అంచుకి కనీసం రివెట్ వ్యాసానికి రెట్టింపు దూరం ఉండాలన్నది మామూలు లెక్క, అంటే 8. ఇక్కడ 7 ఉంది. ఆ భాగం పారేస్తే ఎందరో చేసిన పని బుట్టదాఖలు, ఉంచితే రేపు దాని మీద ఆధారపడి మనుషులు ఎగరాలి. అప్పుడు నువ్వు డ్రాయింగ్ తీసి, సరిగ్గా అక్కడ ఎంత లోడు వస్తుందో పట్టుకుని, ఆ తగ్గిన ఒక్క మిల్లీమీటరుతో నిలబడుతుందో లేదో లెక్క కట్టి, ఎందుకు నిలబడుతుందో ఇంకొకడు చదివి ఒప్పుకునేలా రాసి, కింద సంతకం పెట్టాలి. విమానం ఎగిరేటప్పుడు వస్తుందనుకున్న అతిపెద్ద లోడుకి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా డిజైన్ చేస్తారు, అంతకుమించి ఎవరూ ఇవ్వరు. ప్రకాశం బ్యారేజీ లాంటిది కట్టేవాళ్లు అనుమానమొస్తే ఇంకాస్త కాంక్రీటు పోసుకోవచ్చు, మనకా వీల్లేదు, వేసిన ప్రతి గ్రామూ గాల్లోకి లేవాలి.

ఇది చదువుతుంటే విసుగొచ్చిందా, లేక ఆ రంధ్రం సంగతి చివరికి ఏమైందో తెలుసుకోవాలనిపించిందా? నాకు చెప్పక్కర్లేదు, నీకు నువ్వు చెప్పుకో. (ఉంచేశాం. పక్క రివెట్లు లోడు పంచుకున్నాయి.)

ఇక ఇస్రో. ఏరోస్పేస్ చదివితేనే ఇస్రోలోకి వెళ్తారని మీ కాలేజీలో సగం మంది అనుకుంటున్నారని నాకు తెలుసు. ఇస్రో సైంటిస్టు పోస్టులకు పెట్టే పరీక్షలో తీసుకునేది ఎక్కువగా మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్లనే. ఏరోస్పేస్ ద్వారా నేరుగా వెళ్లే దారి తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ (అంతరిక్ష శాఖ వాళ్ల ఇంజినీరింగ్ కాలేజీ), అక్కడ సీటు జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో వస్తుంది, చదువు అయ్యాక నిర్దేశించిన గ్రేడు ఉండి ఖాళీలు కూడా ఉంటే ఇస్రో తీసుకుంటుంది. చంద్రయాన్-3 అప్పుడు ఛైర్మన్‌గా ఉన్న సోమనాథ్ కొల్లంలో మెకానికల్ చదివి, ఆ తర్వాత బెంగళూరు ఐఐఎస్‌సీలో ఏరోస్పేస్ మాస్టర్స్ చేశాడు. హైదరాబాద్ స్కైరూట్ 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్ వదిలింది కదా, ఆ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరిది మెకానికల్, ఇంకొకరిది ఎలక్ట్రికల్. రాకెట్‌లోకి వెళ్లే తలుపులు చాలా ఉన్నాయని మీ నాన్నకి ఈ ముక్క రెండుసార్లు చదివి వినిపించు.

కాబట్టి నా మాట ఇది. ఐఐటీలోనో ఐఐఎస్‌టీలోనో ఏరోస్పేస్ వస్తే, పైన చెప్పిన పని నీకు నచ్చితే, కళ్లు మూసుకుని చేరిపో. అవి రాకపోతే మంచి కాలేజీలో మెకానికల్ గానీ ఈసీఈ గానీ తీసుకుని, గేట్ రాసి ఎంటెక్‌కి ఏరోస్పేస్‌లోకి రా. ఏదో ఒక కాలేజీలో బ్రాంచి పేరు బాగుందని మాత్రం చేరకు. నాలుగేళ్లయ్యాక ఆ పేరు రెజ్యూమేలో మిగులుతుంది, నువ్వేమో సాఫ్ట్‌వేర్ కంపెనీ ట్రైనింగ్‌లో జావా నేర్చుకుంటుంటావు. అలాంటి పిల్లలు నాకు ఇంటర్వ్యూల్లో చాలామంది తగిలారు, తెలివైనవాళ్లే, కానీ నాలుగేళ్లలో ఒక్కసారి కూడా విండ్ టన్నెల్ (నమూనాల మీదికి గాలి వదిలి పరీక్షించే సొరంగం) ఆన్ చేసి చూడలేదు. ఏ కాలేజీకైనా వెళ్తే ప్లేస్‌మెంట్ ఆఫీసు వాళ్లని అడక్కు, వాళ్ల ఫ్లెక్సీలో అందరూ నవ్వుతూనే ఉంటారు. ఫైనలియర్ పిల్లల్ని క్యాంటీన్ దగ్గర పట్టుకుని విండ్ టన్నెల్ చివరిసారి ఎప్పుడు నడిపారో, పోయినేడు బ్యాచ్‌లో ఎంతమంది ఏరోస్పేస్ ఉద్యోగాల్లోకే వెళ్లారో అడుగు.

నాసా గురించి అడిగావు. అక్కడ పర్మినెంట్ ఉద్యోగానికి అమెరికా పౌరసత్వం ఉండాలి, రాకెట్లు చేసే వాళ్ల ప్రైవేటు కంపెనీలు కూడా ఎగుమతి నియంత్రణ చట్టాల వల్ల పౌరులు, గ్రీన్ కార్డు వాళ్ల వైపే చూస్తాయి. మన గుంటూరు మూలాలున్న బండ్ల శిరీష 2021లో అంతరిక్షం అంచుదాకా వెళ్లొచ్చింది, పర్డ్యూలో చదివిన ఏరోస్పేస్ ఇంజినీరే, కానీ ఆ అమ్మాయి పెరిగింది హ్యూస్టన్‌లో. ఆ కథ చూసి నీ లెక్క వేసుకోకు. ఇక్కడే ఇప్పుడు పని ఉంది: బెంగళూరులో హాల్ (విమానాలు చేసే ప్రభుత్వ కంపెనీ), ఎన్ఏఎల్ (విమానాల మీద పరిశోధన చేసే ప్రభుత్వ ల్యాబు), ఎయిర్‌బస్, బోయింగ్, హైదరాబాద్‌లో డీఆర్‌డీవో (రక్షణ పరిశోధన సంస్థ) ల్యాబులు, ఆ ఊరి పక్కనే ఆదిభట్లలో విమాన భాగాల ఫ్యాక్టరీలు. ఒక్కటి గుర్తుంచుకో, దాదాపు అన్నీ ఆ రెండు ఊళ్లలోనే. గన్నవరంలో విమానాలు దిగుతాయి గానీ మన పని దొరకదు.

జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత తొందరగా పెరగదు, మీ అన్నయ్యతో పోల్చుకుని ఏడవకూడదు. ఆడపిల్లకి ఎందుకు ఇదంతా అంటే మీ నాన్నకి నన్ను చూపించు.

జేఈఈ అయ్యేదాకా ఇవేమీ పట్టించుకోకు. అయ్యాక, సీటు కౌన్సెలింగ్‌కి ముందు, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైటులో ఐఐటీ ప్రొఫెసర్ల ఏరోడైనమిక్స్ (గాలి ప్రవాహం, దాని వల్ల వచ్చే బలాల శాస్త్రం) పాఠాలు ఉచితంగా ఉంటాయి, ఓ నాలుగు పెన్నూ పేపరూ పట్టుకుని చూడు, ఫోన్ పక్కన పెట్టి. అర్థం కాకపోతే కంగారు పడకు, మొదట ఎవరికీ కాదు. అర్థం కానిచోట మళ్లీ వెనక్కి తిప్పి చూడాలనిపిస్తోందా, యూట్యూబ్‌లో ఇంకేదో పెట్టుకోవాలనిపిస్తోందా, అది గమనించు. శ్రీహరికోట గ్యాలరీకి లాంచ్ చూడ్డానికి వెళ్దామన్నావుగా, తప్పకుండా వెళ్దాం, విజయవాడలో రైలెక్కితే సూళ్లూరుపేటలో దిగడమే. కానీ వెబ్ ఆప్షన్లు పెట్టేశాకే తీసుకెళ్తా, ముందు మాత్రం కాదు.

ర్యాంకు వచ్చిన రోజు నువ్వు అనుకుంటున్న కాలేజీల లిస్టు వాట్సాప్ చెయ్యి. మీ నాన్న లిస్టు కూడా విడిగా పంపమను.

అత్త