లర్నింగ్ సపోర్ట్‌లో చేరిస్తే ముద్ర పడిపోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. మంచి మాటకారి. లెక్కలు నోటితోనే చేసేస్తాడు. పుస్తకం ఇస్తే మాత్రం కూడబలుక్కుంటూ చదువుతాడు, రాస్తే అక్షరాలు తారుమారవుతాయి. ఈ ఏడాది పొద్దున్నే కడుపునొప్పి అని స్కూలు ఎగ్గొట్టడం కూడా మొదలైంది. చదవడం, రాయడం కష్టమయ్యే పిల్లలకు స్కూల్లోనే విడిగా సాయం చేసే లర్నింగ్ సపోర్ట్‌లో చేరుస్తామని, వారానికోసారి స్కూల్ కౌన్సెలర్‌తో మాట్లాడిస్తామని స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. ఒప్పుకుంటే రికార్డులో 'వీక్ స్టూడెంట్' అని పడి పైచదువులకు అడ్డం అవుతుందేమోనని నా భయం. ట్యూషన్ పెడితే సరిపోతుంది కదా అంటారు మావారు. ఏం చేయమంటారు?

జవాబు: ఒప్పుకోండమ్మా. కాకపోతే సంతకం పెట్టే ముందు ఒకసారి స్కూలుకు వెళ్లి కూర్చుని మాట్లాడండి.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు ఒక పాత కేసు గుర్తొచ్చింది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండ్ డాక్టరు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 14 ఏళ్ల అబ్బాయి గురించి రాశారు. తెలివైనవాడే, కానీ సొంత పేరు రాసినా రెండు అక్షరాలు అటూ ఇటూ అయిపోయేవి. అదే అబ్బాయి 749ని 867తో చకచకా గుణించి సరైన జవాబు చెప్పాడు. పాఠాలన్నీ నోటితోనే చెబితే స్కూల్లో వీడే ఫస్టు వస్తాడని వాళ్ల మాస్టారు అన్నారట. తెలివి ఉన్నా చదవడం, రాయడం మాత్రం కష్టమయ్యే ఈ ఇబ్బందినే ఇప్పుడు డిస్‌లెక్సియా అంటున్నాం. మీవాడికి ఉన్నది అదేనని ఉత్తరం చూసి నేను చెప్పలేను. ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించి, ఆ తర్వాత సైకాలజిస్టు దగ్గర పూర్తి అసెస్‌మెంట్ చేయించండి.

ట్యూషన్ విషయంలో మీవారితో నేను ఏకీభవించను. మామూలు ట్యూషన్‌లో క్లాసులో చెప్పిందే మళ్లీ చెబుతారు. ఇలాంటి పిల్లలకు కావలసింది అక్షరానికీ ధ్వనికీ ఉన్న లింకును వరసగా, ఓపిగ్గా నేర్పడం. అందులో శిక్షణ పొందిన టీచరు వేరు.

ఇక కడుపునొప్పి. అది నటన అనుకోకండి, టెన్షన్‌కు కడుపు నిజంగానే నొప్పి పెడుతుంది. ఒకసారి డాక్టరుకు చూపించి, రెండు వారాల పాటు ఏ రోజు నొప్పి వచ్చిందో టైమ్‌టేబుల్ పక్కన రాసి పెట్టండి. నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయికి మంగళ, శుక్రవారాల్లోనే వచ్చేది. ఆ రెండు రోజులూ ఒక పీరియడ్‌లో పిల్లలు వరసగా లేచి పైకి చదవాలి. తన వంతు ఎప్పుడొస్తుందా అని ముందు బెంచీ నుంచి లెక్కపెట్టుకుంటూ కూర్చునేదట, పాఠం ఒక్క ముక్క చెవికెక్కేది కాదు. కౌన్సెలర్ వెళ్లి ఆ టీచరుతో మాట్లాడారు. చదవాల్సిన పేరా ముందురోజే అమ్మాయికి ఇవ్వడం మొదలుపెట్టారు. అంతే, నొప్పి చాలావరకు తగ్గింది. అందుకే సపోర్ట్ టీచరు, కౌన్సెలర్, క్లాస్ టీచరు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా లేదా అన్నది మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న.

రెండోది, సపోర్ట్ కోసం ఏ పీరియడ్ నుంచి బయటకు పిలుస్తారు? చాలామంది తల్లిదండ్రులు దీన్ని పట్టించుకోరు. ఆటలో, డ్రాయింగో, వాడు మెరిసే ఒకే ఒక్క పీరియడ్‌ను మింగేస్తే ఎంత మంచి సాయమైనా వాడికి శిక్షలాగే ఉంటుంది. మీవాడిని లెక్కల క్లాసు నుంచి తీయనివ్వకండి. లక్ష్యాలు కాగితం మీద రాసి ఇవ్వమనండి, ఎన్ని నెలలకోసారి చూసుకుంటారో తేదీతో సహా అడగండి.

రికార్డు భయం సహజమే. అది ఎవరెవరి చేతికి వెళ్తుందో సూటిగా అడగండి. కానీ ఆ కాగితాలు లేకపోవడమే ఎక్కువ నష్టం. పెద్ద పరీక్షల్లో అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించే మనిషి, జవాబులు చెబితే రాసిపెట్టే స్క్రైబ్ లాంటి వెసులుబాట్లు ఇచ్చే బోర్డులు సాధారణంగా అసెస్‌మెంట్ రిపోర్టు అడుగుతాయి. స్కూల్లో ఇప్పటికే అలాంటి సాయం అందుతోందన్న ఆధారమూ అడగొచ్చు. పరీక్షకు నెల ముందు పరుగెత్తితే అవన్నీ పుట్టవు. అడగడానికి మొహమాటం కూడా అక్కర్లేదు. వైకల్యం ఉన్న విద్యార్థికి తగిన సర్దుబాట్లు చేయాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 24వ అధికరణంలోనే ఉంది.

కెరీర్ గురించి ఇప్పుడే తొందర వద్దు. 'చదవడం తక్కువుండే కోర్సు ఏదైనా చెప్పండి' అని చాలామంది అడుగుతారు. నాకు నచ్చని ప్రశ్న అది. లెక్కల్లో అంత చురుకైన పిల్లాడిని చదవడం కష్టమన్న ఒక్క కారణంతో లెక్కలున్న దారి నుంచి తప్పిస్తామా? పాఠాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఫోన్లోనే ఉంది, దాన్ని వాడటం ఇప్పటి నుంచే అలవాటు చేయండి. గ్రూపు ఎంచుకునే సమయానికి సపోర్ట్ టీచరును కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి.

ఒక్కటి మాత్రం మీ ఉత్తరంలో కనబడలేదు. మీ భయం ఉంది, మీవారి మాట ఉంది, అబ్బాయి ఏమంటున్నాడో లేదు. కౌన్సెలర్‌తో చెప్పుకున్నది ఇంటికి చేరుతుందేమోనని వాడికీ ఉంటుంది. ప్రాణానికో భద్రతకో ముప్పున్న సంగతి తప్ప మిగతావి కౌన్సెలర్ దగ్గరే ఉంటాయని వాడి ఎదుటే స్కూలు వాళ్లతో చెప్పించండి. మీటింగుకు వాడిని కూడా తీసుకెళ్లండి, ఏ పీరియడ్ వదులుకుంటాడో వాడినే చెప్పనివ్వండి.